వాడిన పామాయిలు కథ

ఈ కథలోని నూనె పుట్టిల్లు ఏలూరు దగ్గర పెదవేగి వైపున్న ఒక ఆయిల్ పామ్ తోట. తెలుగు ఇళ్లలో వాడే పామాయిల్లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల మీద వచ్చి కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగుతుంది. ఇది మాత్రం ఇక్కడి గెలల్లోంచే వచ్చింది. ఆయిల్ పామ్ ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఈ పంట మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ ఉన్నదీ పెదవేగిలోనే.

గెల కోశాక 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే పండు గుజ్జులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. నూనె అణువులో ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అంటుకుని ఉంటాయి. వాటిలో ఏదైనా ఊడి వచ్చేస్తే అది విడి ఆమ్లం. ఈ నూనె బతుకులో మంచీ చెడూ రెండూ ఆ విడి ఆమ్లం ఎంత ఉందన్నదాని మీదే ఆధారపడ్డాయి. ఫ్యాక్టరీలో గెలలను ఆవిరితో ఉడికిస్తారు. ఆ వేడికి లైపేజ్ చస్తుంది. పిండినప్పుడు వచ్చే నూనె కెరోటిన్ వల్ల ఎర్రగా ఉంటుంది. రిఫైనరీలో రంగు తీసి, గాలి తోడేసిన పాత్రలో 240 డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పంపి వాసననూ విడి ఆమ్లాలనూ తీసేస్తారు. తర్వాత చల్లబరిచి, గడ్డకట్టే భాగాన్ని వేరు చేస్తారు. మిగిలిన పల్చటి భాగం పామోలిన్ పేరుతో ప్యాకెట్లలోకి ఎక్కుతుంది.

ఈ నూనె చేరింది ఒక మిరపకాయ బజ్జీల బండికి. మూకుట్లో 170, 180 డిగ్రీల వేడి ఉంటుంది. శనగపిండి జారులోని నీరు ఆ వేడికి ఆవిరై బుడగలుగా పైకి లేస్తుంది. ఆవిరిలో కొంత నూనెతో కలిసి, రిఫైనరీ కష్టపడి తీసేసిన విడి ఆమ్లాలను మళ్లీ పుట్టిస్తుంది. పైనుంచి గాలి సోకి నూనె ఆక్సీకరణ చెందుతుంది. వేడికి అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది, నురుగు పడుతుంది. రంగు ఒక్కటే చూసి నూనె చెడిందీ లేనిదీ తేల్చలేం. పసుపు, కారం మాడినా రంగు మారుతుంది. అందుకే చట్టం రంగును కాక, ధ్రువ పదార్థాలనే విరిగిన, అతుక్కున్న అణువుల మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఈ ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెలో వంట చేయకూడదని దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టు 10న వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకం మొదలైంది. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే సంస్థలు 2019 మార్చి 1 నుంచి రాతపూర్వకంగా లెక్క ఉంచాలి.

బజ్జీల బండి ఆ లెక్కలోకి రాదు. బండి దగ్గర మిగిలిన నూనెకు మామూలుగా మూడు దారులు: మర్నాడు కొత్త నూనెలో కలవడం, ఇంకా చిన్న బండికి చవగ్గా వెళ్లడం, మురుగుకాల్వలో పడి గొట్టాల్లో గడ్డకట్టడం. మొదటి రెండింటిలో హాని తినేవాళ్లదే, అందులోనూ పేదవాళ్లదే ఎక్కువ. ఈ నూనెకు ఆ గతి తప్పింది. కొల్లేరు వైపు చేపల చెరువు చేసుకునే ఒక రైతు తన ఆయిల్ ఇంజను కోసం దాన్ని డబ్బాల్లో పట్టుకెళ్లాడు.

నూనెను నేరుగా ఇంజనులో పోయొచ్చు కదా అనిపిస్తుంది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతోనే నడిచింది. అయితే పామాయిలు చిక్కదనం డీజిల్‌కు సుమారు పది రెట్లు. నాజిల్ నుంచి అది పొగమంచులా చిమ్మదు, చినుకులుగా పడుతుంది. సగమే కాలి పిస్టన్ రింగులకు మసి పట్టిస్తుంది. దీనికి దారి చూపించినవాడు బెల్జియంకు చెందిన షవాన్. పామాయిలును ఆల్కహాల్‌తో చర్య జరిపి ఇంధనంగా వాడే పద్ధతికి 1937లో ఆయనకు పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవెన్ నగరాల మధ్య ఆ ఇంధనంతో బస్సు నడిచింది. బయోడీజిల్ తొలి రోజుల్లోనే పామాయిలు వంశానికి ఈ ఖ్యాతి దక్కింది.

చర్య సంగతి ఇది. గ్లిజరిన్‌కు అంటుకున్న మూడు కొవ్వు ఆమ్లాలను విడదీసి ఒక్కోదానికి ఒక మిథనాల్ అణువును తగిలిస్తే మూడు చిన్న ఎస్టర్ అణువులు, ఒక గ్లిజరిన్ అణువు వస్తాయి. ఆ ఎస్టర్ల పేరే బయోడీజిల్. చర్యను నడిపించేది కాస్టిక్ సోడా. కానీ విడి ఆమ్లం ఎక్కడ కనిపిస్తే అక్కడ సోడా ముందు దాంతో కలిసి సబ్బు అవుతుంది. నూనెలో నీరున్నా సబ్బు పెరుగుతుంది. కొలత తప్పితే డ్రమ్ము నిండా ఇంధనం బదులు జావలాంటి ముద్ద మిగులుతుంది.

అందుకే రైతు దగ్గర ఈ నూనెకు మొదట జరిగింది శుద్ధి. గుడ్డలో వడగట్టి, కొన్నాళ్లు కదపకుండా ఉంచి, మడ్డీ నీరూ అడుగున వదిలేసి పైతేట తీశారు. దాన్ని 110 డిగ్రీల దాకా కాచి, చిటపటలు ఆగాక చల్లార్చారు. తర్వాత పరీక్ష. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించి ఉంచుతారు. 1 మిల్లీలీటరు నూనెను 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, అందులోకి ఆ సోడా నీటిని కొద్దికొద్దిగా వదులుతారు. ఆమ్లం అయిపోయిందని తెలియడానికి ఫినాఫ్తలీన్ దొరక్కపోతే చిటికెడు పసుపు చాలు. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రబడేది ఈ గుణం వల్లే. రంగు ఎర్రబడి నిలిచేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పడితే, అన్ని గ్రాములను మామూలుగా లీటరు నూనెకు పట్టే 3.5 గ్రాములకు కలపాలి. ఈ నూనెకు 2 మిల్లీలీటర్లు పట్టింది. అంటే అందులో విడి ఆమ్లం ఒకటిన్నర శాతం, లీటరుకు కావలసిన సోడా 5.5 గ్రాములు. నాలుగైదు మిల్లీలీటర్లు దాటే నూనెను సోడాతో నేరుగా మార్చబోతే సబ్బే మిగులుతుంది. దానికి ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేరే చర్య జరపాలి. ఇంటి దగ్గర చేసే పనుల్లో ఈ పరీక్షను మించి ముఖ్యమైనది లేదు.

10 లీటర్ల నూనెకు 2 లీటర్ల మిథనాల్. అందులో 55 గ్రాముల సోడాను మూతపెట్టిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో కరిగిస్తారు. అల్యూమినియం పాత్ర పనికిరాదు, సోడా దాన్ని తినేస్తుంది. మిథనాల్ విషం. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోగొట్టగలదు, ప్రాణం తీయగలదు. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా లోపలికి ఇంకుతుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. కాబట్టి ఈ పని వంటింట్లో కాదు, ఆరుబయట చేయాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. దరిదాపుల్లో పొయ్యి వెలగకూడదు, పిల్లలు తిరగకూడదు. మిథనాల్ కొని ఉంచుకోవడానికి అనుమతులు అవసరం, వాటిని ముందే తీసుకోవాలి.

55 డిగ్రీల వేడి నూనెలో ఆ ద్రవం పోసి గంటసేపు కలియబెడతారు. మిథనాల్ 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది గనక వేడి అంతకంటే తక్కువలోనే ఉంచాలి. కలపడం ఆపి రాత్రంతా వదిలేస్తే బరువైన గ్లిజరిన్ ముదురు గోధుమ రంగులో అడుగుకు దిగుతుంది, పైన తేనె రంగు బయోడీజిల్ తేలుతుంది. చర్య పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి చూస్తారు. అంతా కరిగితే మార్పు జరిగినట్టే. అడుగున నూనె చుక్కలు చేరితే మళ్లీ చేయాలి. ఆ తర్వాత నీళ్లు చిలకరించి సబ్బునూ మిగిలిన మిథనాల్‌నూ కడుగుతారు. దిగే నీరు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు కడుగులు పడతాయి. చివరగా గోరువెచ్చగా వేడిచేసి తడి ఆరబెడతారు. మసక పోయి, డబ్బా వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగేటంత తేటగా వస్తే ఆరినట్టు.

ఈ నూనె ఇంజనులోకి వెళ్లింది ఐదో వంతుగా, మిగతాది మామూలు డీజిల్. బయోడీజిల్ ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగిస్తుంది. ఆ మడ్డి ఫిల్టరులో చిక్కుకుంటుంది గనక మొదట్లో ఫిల్టరును తరచూ మార్చాలి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. కిలోకు ఇచ్చే శక్తి డీజిల్ కంటే పది శాతానికి పైగా తక్కువ, పొగలో మసి కూడా తక్కువ, గంధకం దాదాపు లేదు. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం కాస్త పెరగవచ్చు. పామాయిలు బయోడీజిల్ తొందరగా చెడదు, కానీ 10, 15 డిగ్రీల మధ్యే మసకబారి గడ్డకట్టడం మొదలవుతుంది. కొల్లేరు చెరువు గట్టున ఆ ఇబ్బంది తక్కువ. లంబసింగి శీతాకాలంలో అయితే ఇంజను స్టార్టవకపోవచ్చు. కొత్త బీఎస్-6 కార్లలోని సున్నితమైన ఇంజెక్టర్లకూ మసి ఫిల్టర్లకూ ఇంటి తయారీ ఇంధనం తగదు. అమ్మాలంటే ఐఎస్ 15607 ప్రమాణానికి సరితూగాలి, ఆ పరీక్షలు ఇంటి దగ్గర జరిగేవి కావు. అందుకే ఇది చేసుకున్నవాళ్ల సొంత ఇంజనుకే పరిమితం.

వేరుపడిన గ్లిజరిన్‌లో మిథనాల్, సబ్బు కలిసి ఉంటాయి. అది పశువులకు పెట్టేది కాదు, కాల్వలో పోసేదీ కాదు. ఆరుబయట మిథనాల్ పూర్తిగా ఎగిరిపోయాకే జిడ్డు వదిలించే సబ్బుగా పనికొస్తుంది. సోడాకు బదులు కాస్టిక్ పొటాష్ వాడినవాళ్లు దాన్ని కంపోస్టు గుంటలో కొద్దికొద్దిగా కలుపుతారు, ఎందుకంటే అందులో పొటాషియం మిగులుతుంది. కడిగిన నీటిలో సోడా ఉంటుంది కాబట్టి దాన్ని చేపల చెరువులోకి వదలకూడదు. పుల్లటి నీటితో క్షారం తగ్గించి, చెరువుకు దూరంగా పోయాలి.