ఆట నేర్పినవాళ్లు

కొత్తవాళ్లకు ఆట నేర్పాలంటే ఓపిక ఉండాలి. బోర్డు పరవాలి, నియమాలు విడమరచి చెప్పాలి, పావు తప్పు జరిపినా విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాలి. 1932లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ టాడ్ దంపతులకు ఆ ఓపిక ఉంది. వాళ్లు ఇంటికి పిలిచి ఆట నేర్పిన స్నేహితుడి పేరు చార్లెస్ డారో. మాంద్యం రోజులు, డారోకు ఉద్యోగం లేదు. పాచికలు వేయడం, కాగితపు డబ్బుతో వీధులు కొనడం, అందులో కాలుపెట్టినవాళ్ల దగ్గర అద్దె పుచ్చుకోవడం ఆయనకు తెగ నచ్చాయి. నియమాలన్నీ రాసిమ్మని అడిగాడు. టాడ్ రాయించి ఇచ్చాడు.

అది టాడ్ కనిపెట్టిన ఆట కాదు. ఎలిజబెత్ మెగీ అనే ఆవిడ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ పేరుతో దానికి పేటెంట్ తీసుకుంది. భూమంతా కొందరి చేతుల్లో చిక్కితే మిగతావాళ్లు అద్దెలు కట్టీ కట్టీ ఎలా చితికిపోతారో పిల్లలకు సైతం అర్థం కావాలన్నది ఆమె తపన. ఆ ఆటను ముందుకు నడిపింది దుకాణాల కంటే మనుషులే. డెలావేర్‌లోని ఆర్డెన్ అనే చిన్న ఊళ్లో ఇరుగుపొరుగు ఆడుకున్నారు. కాలేజీల్లో ఆచార్యులు విద్యార్థులకు నేర్పారు. నేర్చుకున్న ప్రతివాళ్లూ సొంతంగా బోర్డు గీసుకుని మరొకరికి నేర్పారు. అలా ఇండియానాపోలిస్‌లో నేర్చుకున్న రూత్ హాస్కిన్స్ అనే టీచరు, అట్లాంటిక్ సిటీలోని క్వేకర్ల బడికి వచ్చినప్పుడు ఆటను వెంట తెచ్చింది. అక్కడి మిత్రులు బోర్డు మీద తమ ఊరి వీధుల పేర్లు రాసుకున్నారు. ఎవరి వీధి వాళ్లకు కళ్లెదుట కనిపిస్తే కొత్తవాళ్లకు ఆట ఇట్టే పట్టుబడుతుంది. నేర్పడం తెలిసినవాళ్లు చేసే పని అది.

ఆ బోర్డును చూసి టాడ్ తన కోసం ఒకటి గీసుకున్నాడు. గీసేటప్పుడు ‘మార్వెన్ గార్డెన్స్’ అనే పేట పేరును పొరపాటున ‘మార్విన్ గార్డెన్స్’ అని రాశాడు.

1935లో డారో ఆ ఆటను తన సొంత సృష్టిగా చెప్పి పార్కర్ బ్రదర్స్ కంపెనీకి అమ్మాడు. అదే మొనోపలీ. మనిళ్లలో వేసవి సెలవుల్లో ఆడే ‘బిజినెస్’ ఆటకు మూలం అదే. డారో కోటికి పడగెత్తాడు. పోటీ లేకుండా చేసుకోవడానికి కంపెనీ మెగీ పేటెంట్‌ను కూడా కొనేసింది. ఆమెకు ముట్టింది 500 డాలర్లు. అమ్మకాల్లో వాటా లేదు. గుత్తాధిపత్యం ఎంత చెడ్డదో చెప్పడానికి ఆట తయారుచేసిన మనిషి 1948లో కన్నుమూసింది.

1970లలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు మరో ఆట పేరు విషయమై కంపెనీతో కోర్టులో తలపడ్డాడు. పాత ఆటగాళ్లను వెతికి పట్టుకున్నాడు. మెగీ పేటెంట్ బయటపడింది. టాడ్ సాక్ష్యం చెప్పాడు. డారో బోర్డు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ‘మార్విన్’ అన్న ఆ తప్పే వేలిముద్రలా నిలిచింది. కంపెనీ అమ్మిన పెట్టెల్లోనూ అది అలాగే అచ్చయింది.

1995లో పార్కర్ బ్రదర్స్ లాంఛనంగా క్షమాపణ చెప్పింది, మార్వెన్ గార్డెన్స్ నివాసులకు. వాళ్ల పేట పేరులో ఒక అక్షరం తప్పు పడినందుకు.