తెరచాటు తీర్థం

న్యూజెర్సీలో జరగబోయే మా అన్నయ్య కూతురి రిసెప్షన్‌కి బాంక్వెట్ హాలు వాళ్లు 14 పేజీల కొటేషన్ పంపారు. పువ్వుల పేజీ మీద గంటసేపు కొట్లాడుకున్నాం. వచ్చినవాళ్లకి ముందు మిరపకాయ బజ్జీలు పెట్టాలా, పనీర్ టిక్కా పెట్టాలా అన్నదాని మీద ఇంకో గంట. తొమ్మిదో పేజీ రాగానే మాత్రం వీడియో కాల్‌లో ఉన్న పదకొండు మందికీ ఒకేసారి సిగ్నల్ పోయింది. తెనాలిలో మామయ్య కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అన్నయ్య మంచినీళ్లకని లేచాడు. ఆ పేజీ నెత్తిన 'బార్ సర్వీస్ ఆప్షన్స్' అని బంగారు రంగు అక్షరాలున్నాయి.

మా ఇంట్లో ఎవరూ తాగరు. మా ప్రవరలో ఋషుల పేర్ల తర్వాత వచ్చే వాక్యం ఇది. పెళ్లిచూపులకొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతో పాటు అందిస్తాం. వాళ్లూ అదే మాట మాకు అందిస్తారు. అలా చుక్క ముట్టని రెండు కుటుంబాలు వియ్యమందాక, ముహూర్తానికి ముందురోజు రాత్రి విడిదింటి మేడమీద ఖాళీ సీసాలు ఎలా మొలుస్తాయో వృక్షశాస్త్రం తేల్చాలి.

"ఆ పేజీ తిప్పెయ్యవే" అంది వదిన.

"తిప్పితే కుదరదమ్మా. ఏదో ఒక గళ్లో టిక్కు పెట్టాలి" అంది పిల్ల.

చిక్కు అక్కడే వచ్చింది. మనవాళ్లకి తాగడం తెలుసు, తాగించడం తెలుసు. టిక్కు పెట్టడం తెలీదు.

మన దగ్గర బార్ సర్వీసుకి ఒకటే ఆప్షన్. దాని పేరు డిక్కీ. ఫంక్షన్ హాలు వెనక, జనరేటర్ పక్కన, లైటు పడనిచోట ఒక కారు ఆగి ఉంటుంది. డిక్కీలో నాలుగు ఫుల్ బాటిళ్లు, సోడాలు, ప్లాస్టిక్ గ్లాసుల కట్ట, పేపరు పొట్లంలో మిక్చరు, వంటవాణ్ణి బతిమాలి ముందే తీయించిన చికెన్ ఫ్రై. తాళం ఎవడి జేబులో ఉంటే ఆ రాత్రికి వాడే పెళ్లిపెద్ద. పురోహితుడైనా వాడి తర్వాతే. మా వైపు ఆ తాళం ముప్ఫయ్యేళ్లుగా మామయ్య దగ్గరుంది. "బావా, ఒకసారి కారు దాకా వెళ్లొద్దాం రా" అంటే కారులో ఏదో మరిచిపోయారని ఆడవాళ్లు అనుకోవాలి. అరగంటకోసారి అదే మనుషులు అదే కారులో అదే వస్తువు మరిచిపోతుంటారు. తిరిగొచ్చేటప్పుడు నోట్లో సోంపు, మొహాన లేని పెద్దరికం. గాలి ఇటు తిరిగితే చాలు, ఎన్నో పెగ్గు మీదున్నాడో మా అత్తయ్య చెప్పగలదు. చెప్పదు. చెబితే ప్రవర తప్పుతుంది.

హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర ఒక్కరోజు పర్మిట్ తీసుకోవాలి. ఫీజు కట్టడానికి మనవాళ్లు వెనకాడరు. పందిరి పువ్వులకి పోసిన డబ్బులో అదో లెక్కా? కాగితం మీద పేరు రాయాలి, అదీ బాధ. ఫలానావారి అబ్బాయి వివాహ సందర్భంగా మద్యం, కింద ఫలానావారి సంతకం. శుభలేఖ మీద మూడు తరాల పేర్లు అచ్చేయించుకునే పెద్దమనిషికి ఆ ఒక్క కాగితం దగ్గర చెయ్యి వణుకుతుంది. తాగకముందే వణికే చెయ్యి అదొక్కటే.

ఇందులో మర్యాదల బాగోతం వేరే ఉంది. ఒకప్పుడు విడిదిలో కాఫీ చల్లారిందని వియ్యపురాలు అలిగేది. తలంటు నూనె రాలేదని మేనత్త మూతి ముడిచేది. ఇప్పుడు కాఫీ ఊసు ఎత్తేవాళ్లు లేరు. సాయంత్రం ఆరింటికి మగపెళ్లివారి గదిలోంచి ఒక దూరపు బావ బయటికొచ్చి, ఆడపెళ్లివారి కుర్రాణ్ణి పక్కకి పిలిచి, "ఏర్పాట్లేంటి?" అంటాడు. ఆ ఒక్క మాటకి పిల్ల తండ్రి బీపీ మాత్ర వేసుకోవాలి. వాళ్ల గదికి స్కాచి వెళ్లాలి. మనవాళ్లకి మామూలు సరుకు చాలు. సీసా తారుమారైతే "మమ్మల్ని చిన్నచూపు చూశారు" అన్న మాట మనవడి బారసాల దాకా మోగుతుంది. కట్నం ఎంతిచ్చారో పైకి చెప్పుకోరు గానీ, ఏ బ్రాండ్ పోశారో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లెవరూ తాగరు మరి!

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తెలంగాణ పల్లెల్లో ఈ వేషం తక్కువ. దావత్ అంటే దావతే. మటన్ ఉడుకుతుంటుంది, కల్లు ముంత తిరుగుతుంటుంది, ముసలమ్మ కూడా ఇంత పుచ్చుకుని గోడకి చేరబడి పాట అందుకుంటుంది. ఎవరూ కారు దాకా వెళ్లిరారు. ఈ దాపరికం ఊరొదిలి పట్నమొచ్చి, అపార్ట్‌మెంటు కొనుక్కుని, దేవుడి గదికి గంటల తలుపులు పెట్టించుకున్నవాళ్లు తెచ్చుకున్నది. అంటే మాబోటివాళ్లు.

మళ్లీ తొమ్మిదో పేజీకొద్దాం. మొదటి గడి ఓపెన్ బార్. అతిథి ఎంత తాగినా పైసా కట్టక్కర్లేదు, గంటలకీ తలలకీ లెక్కగట్టి గృహస్థు కట్టేస్తాడు. 'ఓపెన్' అనే మాట నాకు బాగా నచ్చింది. అక్కడ తెరిచి ఉండేది పిల్ల తండ్రి జేబు. పెద్దవాళ్లు 300 మంది, తలకి 40 డాలర్లు అనుకుందాం. 12,000. ఆ మూడు వందల్లో శనివారం ఒక్కపొద్దులున్న పెద్దమ్మలు, స్వామిమాల వేసుకున్నవాళ్లు, షుగరువాళ్లు, 'ఎవరూ తాగరు' అనే మాట నిజంగానే వర్తించే ఆడవాళ్లు పోగా, ధైర్యంగా గ్లాసు పట్టేది ఓ 90 మంది. ఒక్కొక్కడి మీద 133 డాలర్లు. ఇది కాక సర్వీస్ చార్జీ, పైన న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం. అమెరికా కొలతలో పెగ్గు 44 మిల్లీలీటర్లు, 750 సీసాకి పదిహేడు పెగ్గులు. ఆ డబ్బుతో తలా ఒక మంచి సీసా కొని, పసుపు కుంకుమతో పాటు చేతిలో పెట్టి పంపినా చిల్లర మిగులుతుంది. ఒక్కపొద్దులో ఉన్న మా పెద్దమ్మ పేరు మీద ఆ రాత్రి 40 డాలర్ల విస్కీ ఖర్చయిందని ఆమెకి ఎవరు చెప్తారు?

పైగా గంటల లెక్క. ఆరింటికి బార్ తెరుస్తారు. శుభలేఖలో ఆరు అని వేస్తే మనవాళ్లు ఏడున్నరకి పార్కింగ్‌లోకి వస్తారు, ఎనిమిదికి చీర కుచ్చిళ్లు సర్దుకుని లోపలికొస్తారు. అప్పటిదాకా తెరిచిన బార్ ముందు బార్‌వాడే నిలబడి ఉంటాడు. ఆ రెండు గంటలకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

రెండోది క్యాష్ బార్. ఎవరి మందుకి వాళ్లే డబ్బు. అమెరికాలోనే దీన్ని కొంచెం నాజూకు తప్పుగా చూస్తారట. మనకైతే పంక్తిలో కూర్చోబెట్టి విస్తరికి చీటీ చింపినట్టే. ఆ మాట వినగానే అన్నయ్యకి సిగ్నల్ తిరిగొచ్చింది. "ఛ, పరువు పోతుంది" అన్నాడు. అప్పటిదాకా నోరు మెదపని మనిషి!

ఎంత తాగితే అంతకే కట్టే పద్ధతి ఇంకొకటుంది. వినడానికి ధర్మంగానే ఉంది. అయితే ఆ రాత్రంతా పిల్ల తండ్రి స్టేజీ మీద నవ్వుతూ ఫోటోలు దిగుతూ, కంటి చివర్నుంచి బార్ వైపు చూస్తూ, "బాబూరావు మళ్లీ వెళ్తున్నాడే" అని లెక్కపెట్టుకోవాలి. అక్షింతలు వేసేటప్పుడు ఆ చెయ్యి ఎంత మనస్ఫూర్తిగా దీవిస్తుందో మీరే ఊహించుకోండి.

తలా రెండు టికెట్లిచ్చే ఏర్పాటుకి నేను మొగ్గు చూపాను గానీ, మనవాళ్లకి రేషను కార్డు అనుభవం ఉంది. పెద్దమ్మల టికెట్లు, పిన్నమ్మల టికెట్లు పావుగంటలో మామయ్య జేబులోకి చేరతాయి. బీరు, వైన్ మాత్రమే పోసే చవక ప్యాకేజీని ఎవరూ పట్టించుకోలేదు. వైన్ అంటే మనకి షాపు పేరు. బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది. లోపలికెళ్లి నిజంగానే వైన్ అడిగితే కౌంటర్లో కుర్రాడు మనిషిని ఎగాదిగా చూస్తాడు.

ఇక సిగ్నేచర్ కాక్‌టైల్. వరుడి పేర ఒకటి, వధువు పేర ఒకటి. ఆయనది విస్కీలో చింతపండు, ఈమెది వోడ్కాలో మామిడిపండు. జన్మలో వోడ్కా వాసన చూడని పిల్ల పేరు పెట్టి వోడ్కా పోస్తారట. చింతపండుని పులిహోరలోంచి పీకి విస్కీలో వేసినవాడికి ఏ నరకమో గరుడపురాణంలో వెతకాలి. దీనికి అదనపు చార్జీ కూడా ఉంది.

పిల్లకి వెడ్డింగ్ ప్లానర్ చెప్పిన ముక్క మాత్రం నాకు మంట పుట్టించింది. బార్ లేకపోతే గెస్టులు ఉండరట, తొందరగా వెళ్లిపోతారట, ఫ్లోరు ఖాళీ అవుతుందట. తెలుగు పెళ్లికి వచ్చినవాడు ఎప్పుడు ఉన్నాడు తల్లీ! లైన్లో నిలబడి కవరిచ్చి, ఫోటో దిగి, చెయ్యి కడుక్కుని, కిళ్లీ వేసుకుని, "పొద్దున్నే ఆఫీసుంది" అని వెళ్లిపోవడం మన సంప్రదాయం. అతన్ని ఆపగలిగింది ఇప్పటిదాకా ఒక్కటే, ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గర క్యూ. మందు పోస్తే ఉంటాడు, నిజమే. అయితే బార్ దగ్గర ఉంటాడు. పెళ్లికొడుకు పేరేంటో అడిగితే తడుముకుంటాడు.

ప్లానర్లకి భారతం చదివే తీరిక ఉండదు గానీ, ఉంటే మౌసలపర్వం తీసి ఇచ్చేవాణ్ణి. ద్వారకలో ముందు మద్యనిషేధం పెట్టారు. ఎవరైనా మద్యం కాస్తే బంధువులతో సహా కొరత వేస్తామని చాటింపు. తర్వాత అందరూ కలిసి ప్రభాస తీర్థానికి బయల్దేరారు, మాంసమూ మద్యమూ వెంట వేసుకుని. తీర్థానికెళ్లి తీర్థం పుచ్చుకోవడం అప్పట్నించీ ఉన్నదే. సాక్షాత్తూ కృష్ణుడి ఎదుట ఓపెన్ బార్. నిద్రపోయేవాళ్లని చంపావని సాత్యకి కృతవర్మని ఎత్తిపొడిచాడు, నువ్వు భూరిశ్రవుణ్ణి చంపిన సంగతేమిటని అతను అందుకున్నాడు, కత్తి లేచింది. చివరికి తుంగగడ్డి రోకళ్లయి యాదవులంతా ఒకళ్లనొకళ్లు మోదుకుని పోయారు. పాత కక్ష గ్లాసులో వేస్తే తేలుతుంది. ఏ పెళ్లిలోనైనా బావ బావమరిదితో పొలం గట్టు సంగతి ఎత్తేది మూడో పెగ్గు దగ్గరే.

మన దగ్గరా నిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు. రాష్ట్రంలో ఎత్తేశారు గానీ మా ఇంట్లో ఇంకా అమల్లోనే ఉంది. డిక్కీ విద్య ఆ రెండేళ్లలోనే పట్టుబడిందని మామయ్య చాటుగా ఒప్పుకున్నాడు.

అన్నయ్యని నిజంగా భయపెట్టింది మాత్రం కొటేషన్లో చిన్న అక్షరాల ఇన్సూరెన్సు పేరా. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1984లోనే ఒక తీర్పిచ్చింది. అతిథి తూలుతున్నాడనీ, కారు నడుపుకుంటూ వెళ్తాడనీ తెలిసి కూడా పోసిన గృహస్థు, దారిలో జరిగిన ప్రమాదానికి బాధ్యుడే అని. మన దగ్గర రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే పోలీసులు పట్టుకునేది తాగినవాణ్ణి. పోసినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. అక్కడ అలా కాదు. అల్లుడి కాళ్లు కడిగిన మామగారు అతిథుల కాళ్లు తూలకుండా కూడా చూసుకోవాలి.

రెండున్నర గంటల తర్వాత తీర్మానం జరిగింది. ఓపెన్ బారే. పరువు దక్కాలి. కానీ పెద్ద హాల్లో వద్దు, పక్క గదిలో. గుమ్మానికి తెర. బయట బోర్డు మీద 'జ్యూస్ కౌంటర్' అని. బార్ అనే మాట శుభలేఖలోనూ, వాట్సాప్ గ్రూపులోనూ, ముఖ్యంగా మా అమ్మ చెవినీ పడకూడదు. మర్నాటికల్లా కొత్త కొటేషన్ వచ్చింది. అందులో తెరగుడ్డకీ, దాన్ని కట్టే మనుషులకీ కలిపి విడిగా ఒక వరస. జీలకర్ర బెల్లం దాకా పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య పట్టే తెర ఇంట్లో ఉన్న పట్టుపంచెతో సరిపోతుంది. ఈ తెరకి మాత్రం డాలర్లు కావాలి. పిల్ల ఆ వరస చదివి, "బాబాయ్, ఈ గుడ్డ మీద పెట్టే డబ్బుతో సీసాల రకం ఒక మెట్టు పెంచుకోవచ్చు" అంది. నిజమే. కానీ సీసాలు కావలసింది తొంభై మందికి. తెర కావలసింది మూడు వందల మందికీ.

అన్నట్టు, ముందురోజు తీర్మానం అయిపోయి, కాల్ పెట్టేద్దామనుకుంటుండగా తెనాలి నుంచి మామయ్య గొంతు సవరించుకున్నాడు. సాయంత్రమంతా ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

"అమ్మాయ్, ఆ హాలుకి పార్కింగ్ వెనకవైపా, ముందువైపా?"