ప్లవనపుర మాహాత్మ్యము

సముద్రము పైకి వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు మొఱవెట్టుచుండఁగా, తెలిసిన యుపాయమును ఆచరించు నుద్దేశము లేక లోకపాలకులు మహాసభలయందుఁ దలలు పట్టుకొని కూర్చున్న యీ కాలమున, నీరు పెరిగిన నేమి, ఇల్లే తేలిన సరి గదా యనుచు భవనశిల్పులు ప్రత్యక్షమైరి.

వారికి దొరకిన పుణ్యక్షేత్రము మాల్దీవులు. అచ్చటి నేలలో నూటికి 80 పాళ్లకుఁ బైగా సముద్రమట్టమునకు మీటరు ఎత్తైన లేదు. 2009 అక్టోబరు 17వ తేదీని నాఁటి అధ్యక్షుఁడు మహమ్మద్ నషీద్ మంత్రులకు గాలిసీసాలు తగిలించి, సముద్రగర్భమున బల్లలు వేయించి, మంత్రివర్గసమావేశము జరిపెను. కర్బన వాయువులను తగ్గింపుఁడని లోకమును వేఁడు పత్రముపై అచ్చటనే చేవ్రాళ్లు పడెను. నోరు తెఱచినచో నీరు మ్రింగవలసివచ్చును గనుక సభ అరగంటలో ముగిసెను. ఈ నియమమును మెట్టదేశపు మంత్రివర్గములకును విధించిన నెంత కార్యము నెఱవేఱునో గదా! మొఱ విని పెద్దదేశములు మిగులఁ గనికరించినవి. లోకపు పొగ మాత్రము తగ్గలేదు.

అటుపిమ్మట ఆ ప్రభుత్వమును, డచ్ డాక్‌లాండ్స్ అను సంస్థయుఁ గలిసి, రాజధాని మాలేకుఁ బడవపై 10 నిమిషముల దూరమున, 200 హెక్టార్ల మడుగులో, 5,000 ఇండ్లును 20,000 జనమును గల తేలెడి నగరమును దలపెట్టినవి. కడలిని గట్టలతో నిలువరించి బ్రదికిన డచ్చివారి నేర్పును శంకింప నక్కఱలేదు. బోలుగా నున్న కాంక్రీటు పెట్టె నీటిపైఁ దేలుననుటకు ఆర్కిమిడీస్ నాఁటినుండియు నెవ్వరును అడ్డుచెప్పలేదు. మెదడువలె ముడుతలు పడియుండు నొకజాతి పగడము ఈ పురమునకు నమూనా యఁట! పథకమున నెక్కడనో యొకచోట మెదడు కనఁబడుట సంతోషమే. అయితే ఆ పురమును అలల తాఁకిడినుండి కాపాడవలసినవి చుట్టునున్న పగడపుదిబ్బలు. అవియో, నీరు వేఁడెక్కి 1998లోను 2016లోను పాలిపోయినవి. పగడపు రూపమును బటమున భద్రపఱచితిమి గదా, ప్రాణము సంగతి పగడమే చూచుకొనవలయును.

2022లో వెలలు వినవచ్చినప్పుడు ఒంటిగది యిల్లు 1,50,000 డాలర్లనుండియు, కుటుంబగృహము 2,50,000 డాలర్లనుండియు మొదలు. విదేశీయులును గొనవచ్చును. ఇందలి ధర్మసూక్ష్మము తిలకింపఁదగినది: పొగ విడిచినవాఁడు కడలిని బెంచెను, పెరిగిన కడలి దీవివాని గడప త్రొక్కెను, అచ్చటనే క్రొత్తగడప నిలిపి యమ్మకమునకుఁ బెట్టఁగా, కొనఁదగిన ధనము పొగ విడిచినవానియొద్దనే యున్నది. అతఁడు విమానమెక్కి వచ్చి, వసారాలోఁ గూర్చుండి, నీటిమట్టము పెరుగుటను దీరికగా వీక్షింపవచ్చును. అద్దె యడుగువాఁడు లేఁడు.

నీటిపైఁ గాపురము క్రొత్తది గాదు. నైజీరియాలోని లాగోస్ మడుగులో మకోకో అను పల్లె గలదు. జాలరులు నూఱేండ్లకుఁ బైగా నీటిలో గుంజలు పాతి, వానిపైఁ గాపుర మున్నారు; బడికిఁ బోవుటయు, బజారు చేయుటయుఁ బడవలమీఁదనే. దానికి మురికివాడ యని పేరు. 2012లో 72 గంటల గడువిచ్చి ప్రభుత్వము కొన్ని యిండ్లను గూలఁద్రోయించెను. మకోకోవారి యపరాధ మెల్ల నొక్కటియే: శిల్పిచేఁ బటము గీయింపక, వెల ప్రకటింపక, కడలి పెరుగునని యెవ్వరును జెప్పకమునుపే నీటిపైఁ గాపురము పెట్టిరి.