చరణం దాకా వేయండి, మాస్టారూ

ఆగస్టు పదిహేను వచ్చిందంటే మా ఆత్రేయపురంలో ఇప్పుడు తెల్లవారకముందే సౌండు బాక్సులు దిగుతాయి. దేశభక్తి పాటలు నాలుగు తీసుకుని, ముక్కలు కోసి, ఒకదాని తోక ఇంకోదానికి అతికించి, అడుగున దరువు వేసి వదులుతారు. పల్లవి సగంలో ఉండగానే ఇంకో పాట ఎత్తుకుంటుంది. చరణం అన్నది వినపడదు. ఎవరి ప్రాణం పోయింది, ఎక్కడ పోయింది, ఎవరి కోసం మనం తల వంచాలి అనే మాటలన్నీ చరణంలోనే కదా ఉండేది! కోసేస్తున్నది సరిగ్గా దాన్నే. పూతరేకును నలిపి ముద్ద చేసి చేతిలో పెడితే అది పూతరేకు అవుతుందా? ఈ మాట అంటే మా మనవడు, "తాతయ్యా, ఆ పాత పాటల్లో బీటేముంది, నిద్రొస్తుంది" అన్నాడు. వాడికి నేను చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా రోజుల్లో మైకు సెట్టు అంటే ఒక రికార్డు పెట్టె, కొబ్బరిచెట్టుకు కట్టిన ఒక హారను. ముల్లు రికార్డు మీద పెట్టాక పాట అయ్యేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వేసేవారు కాదు. 1961లో 'వెలుగునీడలు' వచ్చింది. అందులో పెండ్యాల నాగేశ్వరరావు బాణీకి శ్రీశ్రీ రాసిన దేశభక్తి పాటను బడి ఆవరణలో మొత్తం విన్నాం, నిలబడి విన్నాం. అప్పటికి ఆ పాట మాకు పండగ పాట. ఆ మరుసటేడే చైనాతో యుద్ధం వచ్చింది. 1965లో ఒకటి, 1971లో ఇంకొకటి. ఇక పాట పండగ పాటగా మిగల్లేదు.

ఎందుకో ఈ తరానికి తెలియదు కాబట్టి చెప్పాలి. ఆ యుద్ధాల్లో పోయినవాడి శరీరం సాధారణంగా ఊరికి వచ్చేది కాదు. అక్కడే, సరిహద్దులోనే దహనం చేసేసేవారు. ఇంటికి వచ్చేది తంతి. బొబ్బర్లంక వైపు నుంచి కాలవగట్టు మీద సైకిలు వస్తుంటే, మిలిటరీలో పిల్లాడున్న ఇంటివాళ్లు గుమ్మంలోకి వచ్చి, అది ఏ వీధికి తిరుగుతుందో చూస్తూ నిలబడేవారు. తంతి తర్వాత ఎన్నాళ్లకో ఒక ఇనప ట్రంకు పెట్టె. అందులో బట్టలు, ఒక అద్దం, తల్లి రాయించిన ఉత్తరాల కట్ట. అంతే. చూడ్డానికి ముఖం లేదు, మొయ్యడానికి పాడె లేదు. శవపేటిక మీద జెండా కప్పి సొంత ఊరికి పంపడం ఆనవాయితీగా మారింది 1999 కార్గిల్ యుద్ధం నుంచే.

మరి శరీరం రాని ఇంట్లో ఏడుపు ఎక్కడ ఏడవాలి? అప్పుడు రేడియోలో వచ్చే పాటే ఆ ఇంటికి శవయాత్ర. ఇది నేను కళ్లతో చూసినది.

మా వీధిలో ఒకావిడ పూతరేకులు తీసేది. పేరు రాయను, ఆవిడ వాళ్లు ఇంకా ఉన్నారు. కొడుకు 1971లో పోయాడు. పలచటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క విసురుతో పరిచి లాగితే రేకు పడుతుంది. ఊపిరి తీసుకునేలోపు ఒలిచెయ్యాలి, లేకపోతే మాడుతుంది. సంక్రాంతి ముందు రాత్రిళ్లు కూడా పొయ్యి ఆరేది కాదు. గూట్లో ట్రాన్సిస్టరు. వివిధ భారతిలో జవాన్ల కోసం 'జయమాల' అని కార్యక్రమం వచ్చేది. ఎక్కడెక్కడి శిబిరాల్లోంచో జవాన్లు ఉత్తరాలు రాసేవారు, ఆ పేర్లు చదివి వాళ్లు కోరిన పాట వేసేవారు. ఆవిడకు హిందీ ముక్క రాదు. పేర్లు మాత్రం వినేది. కొడుకు ఉన్నప్పుడు వాడి పేరు వస్తుందని వినేది, పోయాక కూడా వినడం మానలేదు. 'హకీకత్' సినిమాలో మహమ్మద్ రఫీ పాట వచ్చిన రోజున ఆవిడ చెయ్యి కుండ మీద ఆగిపోయేది. రేకు అంచులు ఎర్రబడి, నల్లబడి, పైకి లేచేవి. కోడలు మాట్లాడకుండా పొయ్యిలో కొబ్బరాకు వెనక్కి లాగేది. పాట అయ్యాక ఆవిడ మాడిన రేకు గీకేసి, కుండ తుడిచి, మళ్లీ గుడ్డ ముంచేది. ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ కొడుకు దగ్గర కూర్చుని వచ్చినట్టు మాకందరికీ తెలిసేది.

భాష తెలియని మనిషిని ఆ పాట ఎలా పట్టుకుంది? 1964లో చేతన్ ఆనంద్ తీసిన ఆ సినిమా 1962 యుద్ధం మీద, లడఖ్ మంచులో పోయిన జవాన్ల మీద. చివర్లో మంచు మీద పడి ఉన్న వాళ్లను చూపిస్తూ పాట నడుస్తుంది. కైఫీ ఆజ్మీ అందులో వీరుణ్ణి పొగడలేదు. పోతున్నవాడి చేతనే బతికున్నవాళ్లతో మాట్లాడించాడు. రఫీ ఎక్కడా అరవడు. బాణీ కట్టిన మదన్ మోహన్ స్వయంగా సైన్యంలో పనిచేసినవాడు, రెండో ప్రపంచ యుద్ధం కాలంలో. పోయినవాడి పక్కన ఎంత నెమ్మదిగా నిలబడాలో ఆయనకు తెలుసునని నేను నమ్ముతాను.

ఆ యుద్ధం మీదే కవి ప్రదీప్ పాట ఒకటి రాశాడు. సినిమా పాట కాదు గాని సినిమావాళ్లు చేసిందే. సి. రామచంద్ర బాణీ, లతా మంగేష్కర్ గొంతు. 1963 జనవరి 27న ఢిల్లీలో నేషనల్ స్టేడియంలో నెహ్రూ ఎదుట ఆవిడ పాడింది. దాని మీద వచ్చే రాయల్టీని యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్నవాళ్ల నిధికి ఇవ్వాలన్నాడు ప్రదీప్. పాట రాసినవాడికి ఆ పాట ఎవరి సొత్తో తెలిసిన రోజులవి.

ఇప్పుడేం లేదా అంటే, ఉంది. ఉన్నదాన్ని లేదనను. 2015లో క్రిష్ తీసిన 'కంచె'కు సిరివెన్నెల రాసిన పాటలు, చిరంతన్ భట్ సంగీతం నేను ఇప్పటికీ పెట్టుకుని వింటాను. రెండో ప్రపంచ యుద్ధానికి మన తెలుగువాళ్లు వెళ్లారన్న సంగతే చాలామంది మరచిపోయిన రోజుల్లో వచ్చిందది. గోదావరి దాటి అటు వెళ్తే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. 'కంచె' చూసి ఆ ఊరు గుర్తొచ్చినవాడే సినిమా చూసినట్టు లెక్క నా దృష్టిలో. 2017లో వచ్చిన 'ఘాజీ'లో పాటలే లేవు. 1971లో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి చుట్టూ అల్లిన కథ. నీళ్ల అడుగున నావికులు జాతీయగీతం ఎత్తుకుంటారు, వాద్యాల హంగు అక్కర్లేకుండానే హాల్లో ఒళ్లు జలదరించింది. అలాంటి చోట సంగీత దర్శకుడు తగ్గి ఉండటమే గొప్ప. 2022లో వచ్చిన 'సీతా రామం'లో నా అన్నవాళ్లు లేని లెఫ్టినెంటుకు రేడియో విన్న జనం ఉత్తరాలు రాస్తారు. ఆ ఘట్టం దగ్గర మా ఇంట్లో పెద్దవాళ్లం అందరం కళ్లు తుడుచుకున్నాం.

నా బాధ మిగతావాటితో. యుద్ధ సినిమా అంటే ఇప్పుడు కుర్చీ అదిరే మోత. తుపాకీ పేలినా అదే మోత, హీరో నడిచి వచ్చినా అదే, జవాను నేలకొరిగినా అదే. పోయినవాడి దగ్గర ఒక్క క్షణం ఊరుకోనివ్వరు. వెంటనే పగ తీర్చుకునే దరువు అందుకుంటుంది. పగ వచ్చాక తలపుకు చోటెక్కడ? హాల్లోంచి వచ్చే కుర్రాళ్లను అడగండి, హీరో పేరు చెబుతారు, వేసిన పాత్ర ఎవరిదో చెప్పలేరు.

ఇంతకన్నా ఘోరం ఫోన్లలో జరుగుతోంది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణమిచ్చాడు. మహావీర చక్ర ఇచ్చారు. అప్పుడు ఆయన అంతిమయాత్రవంటూ నా ఫోనుకు వచ్చిన వీడియోల్లో అసలు ధ్వని తీసేసి సినిమా నేపథ్య సంగీతం అతికించినవే ఎక్కువ. సైనిక లాంఛనాల్లో లాస్ట్ పోస్ట్ అని బాకా ఊదుతారు. బ్రిటిష్ సైన్యం రోజుల నుంచి వస్తున్నది. రాత్రి కావలివాళ్ల తనిఖీ పూర్తయింది, ఇక రోజు ముగిసింది అని శిబిరానికి చెప్పే కూత అది. దాన్నే చనిపోయిన జవానుకు ఊదుతారు, నీ కావలి పూర్తయింది నాయనా అని. మీటలు లేని బాకా, పలికేది నాలుగైదు స్వరాలే. దాని తర్వాత అందరూ మౌనంగా నిలబడతారు. ఆ కూతను, ఆ మౌనాన్ని చెరిపేసి, తెర మీద హీరో కండువా విసిరేటప్పటి డప్పులు పెడతారా? వాళ్లకు భక్తి లేదనడం లేదు. ఏది సంగీతమో ఏది లాంఛనమో చెప్పేవాడు లేడు.

బతికి వచ్చినవాళ్ల సంగతి మరీ అన్యాయం. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు మంచులోను ఇసకలోను చేసి వచ్చిన మిలిటరీ ఆయన ఏ ఏటీఎం ముందో కాపలా కుర్చీలో కూర్చుంటాడు. లొల్ల లాకుల దగ్గర జెండా పట్టుకుని వీడియోలు తీసుకునే పిల్లలు ఆయన పక్కనుంచే వెళ్తారు. జెండా పండగ నాడు వేదిక మీద కుర్చీలు నాయకులకు. ఆయన వెనక వరసలో, ఎండలో. మైకులో మాత్రం జవానుకు జై. మా రోజుల్లో మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చినవాడు వీధిలో నడుస్తుంటే అరుగుల మీద పెద్దవాళ్లు లేచి, "రా బాబూ, కూర్చో" అని పక్కకు జరిగేవారు. ఆ రాత్రి రేడియోలో జవాన్ల పాట వస్తే పిలిచి మరీ వినిపించేవాళ్లు.

మా మండలంలో బళ్లు నడిపే మాస్టార్లకు, పంతులమ్మలకు, పంచాయతీ పెద్దలకు ఒక్క మాట. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి దేశమంతా జరుపుతున్నది. హుండీలో పడే డబ్బు మాజీ సైనికులకు, పోయినవాళ్ల కుటుంబాలకు వెళ్తుంది. ఈసారి ఆ రోజు మన ఊళ్లలోంచి సైన్యానికి వెళ్లినవాళ్ల పేర్లు పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. పిల్లల చేత పైకి చదివించండి. ఉన్నవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆ తర్వాత ఒక్కటే పాట, ఏ భాషదైనా సరే, అతుకులు లేకుండా, దరువు కలపకుండా, చివరి చరణం దాకా వేయండి.