పదకొండు నెలల సంవత్సరము

కాలమును కొలుచుటకై మానవుడు కల్పించుకొన్న సౌరమాన, చాంద్రమాన, బార్హస్పత్యమానములను జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సవిస్తరముగా వర్ణించియున్నారు గాని, హైదరాబాదు నగరమున నల్లకుంట, విద్యానగరము, చిక్కడపల్లి మొదలగు పేటలయందు వేలాది సంసారముల స్థితిగతులను శాసించుచున్న అద్దెమానమును ఏ సిద్ధాంతియు పంచాంగమున కెక్కించిన జాడ లేదు. ఈ మానమున సంవత్సరమునకు పదకొండే నెలలు. పంచాంగమునందు క్షయమాసము మిక్కిలి అరుదు; 1963–64లో నొకటియు, 1982–83లో నొకటియు వచ్చినవి; ఇక మన మునిమనుమలకు గాని ఆ భాగ్యము లేదు. అద్దెమానమున నన్ననో, ప్రతి సంవత్సరమును ఒక మాసమును పోగొట్టుకొనియే ముగియును.

ఆ పండ్రెండవ మాసమును మ్రింగినది రాహువు కాదు, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము. ఏడాదికి మించిన గడువుగల కౌలుపత్రము రిజిస్టరు కావలెనని అందలి 17వ సెక్షను విధించుటయు, ఆ రుసుములను, ఆ కచేరి మెట్లను తప్పించుకొనదలచిన జనులు పదకొండవ నెల దగ్గరనే కలము నాపుటయు సంభవించినవి. ఉమ్మడి రాష్ట్రమున 1999లో ఆ సెక్షనును సవరించి, గడువు ఎంత స్వల్పమైనను కౌలు రిజిస్టరు కావలసినదే యని శాసించిరి. అనగా మన ఉపాయమునకు గల ఆధారము తొలగి పాతికేండ్లు దాటినది. ఆచారమునకు మాత్రము ఆ వార్త ఇంకను చేరలేదు. జిరాక్సు దుకాణములోని కుర్రవాడు “పదకొండు నెలలేగా సార్?” అని యడిగి, మన సమాధానమునకై వేచియుండక, ఎన్నడో ఎవరికొరకో సిద్ధపరచిన ఫైలును తెరచి, పేర్లు మార్చి, వంద రూపాయల స్టాంపు కాగితముపై అచ్చొత్తి యిచ్చును. మా ఒప్పందపత్రమున “పెరటిలోని కొబ్బరికాయలపై అద్దెదారునకు ఎట్టి హక్కును లేదు” అను నిబంధన కలదు. మా యింటికి పెరడు లేదు. అయినను ఓనరుగారు ఆ నిబంధనను రెండుమారులు చదివించుకొని, తృప్తితో తలయూపిరి.

ఆ కొబ్బరికాయలకు దిగువనే, చిన్న యక్షరములలో, అసలు విషయ ముండును: గడువు తీరిన ప్రతిసారియు అద్దె పది శాతము పెరుగును. “పదే కదండీ” యని ఓనరులందురు, ప్రసాదమున కొకచెంచా నెయ్యి యెక్కువైనట్లు. కాని యీ పది శాతము సంవత్సరమునకు గాక పదకొండు నెలలకే వచ్చుచున్నది గదా! పండ్రెండు నెలల లెక్కకు తెచ్చినచో అది 10.96 శాతము, పదకొండేండ్లలో పదకొండు పెంపులకు బదులు పండ్రెండు పెంపులు. పండ్రెండువేలకు ప్రవేశించినవాడు ఏడవ పునరుద్ధరణ నాటికి, అనగా ఆరేండ్ల అయిదు నెలలకు, 23,385 రూపాయలు చెల్లించును. ఈ లోపల వాని జీతము ఏమైనదను ప్రశ్న ఒప్పందపత్రపు పరిధిలోనిది కాదు.

చట్టము మనలను కాపాడదా యని కొందరు అమాయకులు ప్రశ్నింతురు. కాపాడును. 1960 నాటి భవనముల అద్దె నియంత్రణ చట్టము క్రింద కంట్రోలరను అధికారి యొకడు కలడు. ఇంటికి న్యాయమైన అద్దె ఎంతయో నిర్ణయించుట ఆయన ధర్మము. అయితే 2005 నాటి సవరణను బట్టి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె యిండ్లకు ఆ చట్టము వర్తింపదు. నేటి నల్లకుంటలో 3,500లకు ఏమి లభించునని విచారింపగా, ఒక దుకాణము ముందరి మెట్లు, అవియు షట్టరు దించిన తరువాత, లభించునని తెలిసినది.

అద్దె రసీదుల చరిత్ర వేరు. ఏటి అద్దె లక్ష దాటినచో ఉద్యోగి తన ఓనరుగారి పాన్ నంబరును చూపవలెను గనుక, నెలకు 8,333 రూపాయల రసీదులు నగరమున విస్తారముగా ప్రభవించుచున్నవి. అద్దె ఎంత పెరిగినను రసీదు మాత్రము నిత్యయౌవనముతో ఆ యంకె కడనే నిలిచియుండును. ఇక మరమ్మతుల ఖర్చు భరింపలేకున్నామని వాపోవు ఓనరులకు, వారు ఒక్క మేకు కొట్టింపకున్నను, అద్దె యాదాయమున ముప్పదిశాతమును ఆదాయపు పన్ను చట్టము మినహాయించుచున్నది. ఈ సంగతిని ఓనరుల యెదుట ప్రస్తావించుట మర్యాద గాదు. నీళ్ళ మోటారు వారి అధీనమున నుండును.

మరి అద్దెవానికి ఆయుధమేదన, నా యభిప్రాయమున, ఖాళీ యిల్లొక్కటే. గేటునకు టు-లెట్ బోర్డు వ్రేలాడుచుండగా గడచు ప్రతి దినమును ఓనరు హృదయమును కోయును. అందును ఆ దినములు ఆషాఢమునందో పుష్యమునందో పడినచో, శూన్యమాసమున గృహప్రవేశము చేయు సాహసి ఎవడును రాడు గనుక, ఆ వేదనకు అంతు లేదు. మేము మా పోర్షనులో పాలు పొంగించినది శ్రావణ శుద్ధమున. పదకొండు నెలలు ఎచ్చట ముగియునో వ్రేళ్ళు మడచి లెక్కింపుడు.

గడువు సమీపించిన ఒకనాటి సాయంకాలము ఓనరుగారు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో ఆసీనులై, మా పిల్లవాని చదువును ప్రశంసించిరి. నాకు గుండె గుభేలుమన్నది.

“పక్కింటి పోర్షను పద్నాలుగు వేలకి ఇచ్చారట, మాస్టారూ. మిమ్మల్ని నేనంత అడుగుతానా? రాసుకున్న పది శాతం చాలు.”

“పక్కింట్లో లిఫ్టుంది కదా, బాబాయిగారూ.”

“మెట్లు ఆరోగ్యానికి మంచివండీ.”

“మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి.”

“వచ్చిన రోజున ఎంత తేటగా వస్తున్నాయో చూడరేం?”

ఈ మార్గమున జయము లేదని గ్రహించి, ఆయన ఒక ప్రభుత్వశాఖలో చిరకాలము పద్దులు తనిఖీచేసి విశ్రాంతి గైకొన్నవారు గావున, కాగితముపై రెండు లెక్కలు వ్రాసి ముందుంచితిని. మేము పండ్రెండువేలకే పదకొండు నెలలుందుమేని ఆయనకు 1,32,000 రూపాయలు ముట్టును. మేము వెడలిపోయి, ఇల్లు ఒక్కనెల ఖాళీగా నుండి, పిదప 13,200లకు మరియొకరు పది నెలలున్నచో ఆయనకు ముట్టునదియు అక్షరాల 1,32,000 రూపాయలే. సున్నముల ఖర్చు, బ్రోకరు కమీషను వేరు. ఆయన జేబులోని కలము తీసి, రెండు గుణకారములను స్వహస్తముతో సరిచూచి, రెండింటిప్రక్కను టిక్కు పెట్టి, చిరకాలాభ్యాసవశమున సంతకము గూడ చేయబోయి, ఆగిరి.

“నెలరోజులు ఎందుకు ఖాళీగా ఉంటుందండీ? బోర్డు పెట్టిన మర్నాడే వస్తారు.”

“గడువు జ్యేష్ఠ బహుళంతో సరి, బాబాయిగారూ. ఆ తరవాత ఆషాఢం.”

ఆయన లేచి, పిట్టగోడమీదుగా క్రిందికి వంగి, సహధర్మచారిణిని పిలిచిరి. “ఏమేవ్, ఆషాఢంలో ఎవరైనా ఇల్లు దిగుతారా?”

క్రిందినుండి పిన్నిగారి కంఠము నిస్సంకోచముగా వినవచ్చినది: “కొత్తకోడలే అత్తింట్లో ఉండని నెలలో అద్దెవాళ్ళు ఎక్కణ్ణించి వస్తారండీ!”

ఇంతటి ప్రమాణవాక్యము వెలువడిన తరువాత వాదమునకు తావేమున్నది? అయిదు శాతము, అనగా ఆరువందలు, అని తేల్చుకొంటిమి. నా జయమును ముఖమున కనబడనీయక, కాఫీ తెప్పించితిని. ఆయన కాఫీ త్రాగుచునే గోడకు వ్రేలాడు తెలుగు కాలెండరును దించి, ఒడిలో పెట్టుకొని, ఆషాఢము మొదలుకొని ఒక్కొక్క పుటనే త్రిప్పుచు, పుటలు తీరినపిమ్మట వ్రేళ్ళతో పదకొండును లెక్కించి, ప్రసన్నవదనముతో నావంక చూచిరి.

“ఈసారికి అయిదే రాయించండి, మాస్టారూ. వచ్చేసారికి మాత్రం పదిహేనని రాయిద్దాం. అప్పుడు గడువు వైశాఖంతో సరి. ఆ తరవాత జ్యేష్ఠమాసం, అన్నీ ముహూర్తాలే!”