స్టిల్లా, వర్కింగా?

అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఫోను. మా తమ్ముడి కొడుకు, ఏడో తరగతి. "పెదనాన్నా, రేపు సైన్సు ప్రాజెక్టు పట్టుకెళ్లాలంట." ఎప్పుడు చెప్పార్రా అంటే "పదిహేను రోజులైంది" అన్నాడు, అదేదో నా తప్పయినట్టు. వాళ్ల నాన్న ఊళ్లో లేడు. వాళ్లమ్మ ఫోను లాక్కుని "నాకు సైన్సంటే పడదు బావగారూ" అని చేతులెత్తేసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను చొక్కా తొడుక్కున్నాను.

ఫిబ్రవరి 27 రాత్రి పది కావస్తున్నా చీరాలలో తలుపులు తీసుకుని కూర్చునే షాపులు మూడు రకాలు. మందుల షాపు, మందు షాపు, ఫ్యాన్సీ అండ్ స్టేషనరీ. మూడో దాని ముందే జనం ఎక్కువ. అందరూ నాలాంటి వాళ్లే, లుంగీ మీద చొక్కా వేసుకుని వచ్చిన తండ్రులు, బాబాయిలు, మేనమామలు. పిల్లలు పక్కన నిలబడి ఆవలిస్తున్నారు.

"స్టిల్లా, వర్కింగా?" అన్నాడు షాపాయన. బిర్యానీ హోటల్లో సింగిలా, ఫుల్లా అని అడిగే స్వరం.

తేడా ఏంటండీ అన్నాను.

"లైటు వెలిగితే వర్కింగండీ. వెలక్కపోతే స్టిల్లు."

నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. ఇంత స్పష్టమైన నిర్వచనం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

వరసగా చూపించాడు. గుండె, లైటుతో అయితే 380, లేకుండా 250. ఇంకుడు గుంత. సిరంజీలతో లేచే జేసీబీ. చంద్రయాన్-3 ల్యాండర్, ఇది 2023 ఆగస్టు నుంచి బాగా పోతోందట. సౌర కుటుంబం చూపిస్తే లెక్కపెట్టాను, గ్రహాలు తొమ్మిదున్నాయి. ప్లూటోను 2006లోనే జాబితాలోంచి తీసేశారు కదండీ అన్నాను. "పాత స్టాకండీ. వద్దనుకుంటే పీకేసుకోండి, రేటు మాత్రం తగ్గదు."

చివరికి అగ్నిపర్వతం ఖాయమైంది. 450 రూపాయలు. థర్మోకోలు కొండ, దానికి ముదురు గోధుమ రంగు, చుట్టూ రంపప్పొట్టుకు పచ్చరంగు వేసి అంటించిన అడవి, నడినెత్తిన ప్లాస్టిక్ గ్లాసు. వంటసోడా పొట్లం, వెనిగర్ సీసా, ఎర్ర రంగు ఫ్రీ. ఇంగ్లీషులో ప్రింటు తీసిన వివరణ కాగితం కూడా ఫ్రీ. "బట్టీ పట్టిస్తే చాలండీ. పోయినేడు దీనికి రెండు బళ్లలో ప్రైజొచ్చింది" అన్నాడు. ఒకే కొండకా అని అడగబోయి ఊరుకున్నాను.

మర్నాడు జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజున సి.వి. రామన్ కలకత్తాలో కనిపెట్టిన సంగతికి రెండేళ్లలో నోబెల్ వచ్చింది. ఆయన వాడిన పరికరాల ఖరీదు మూడు వందలు దాటలేదని చెబుతారు. మేం అంతకు నూట యాభై ఎక్కువే పెట్టాం.

చేతులతో చేసి నేర్చుకోవాలి, హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్ అని బడివాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలో ఉంది. మావాడి చేతులు తగిలిన మాట నిజమే. బండి మీద వెనక కూర్చుని, కొండ గాలికి ఎగిరిపోకుండా ఇంటిదాకా పట్టుకున్నాడు.

సర్కారు లోటు చేసిందనడానికి మాత్రం లేదు. ఇన్‌స్పైర్ మానక్ కింద పిల్లవాడి ఆలోచన ఎంపికైతే నమూనా చేసుకొమ్మని పదివేలు ఖాతాలో వేస్తున్నారు. అటల్ టింకరింగ్ ల్యాబులని 2016లో మొదలుపెట్టి, ఎంపికైన బడికి ఇరవై లక్షలదాకా ఇస్తున్నారు. అయిదేళ్లలో ఇంకో యాభైవేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. అలాంటి ల్యాబు ఒకటి చూసే భాగ్యం నాకూ కలిగింది, ఊరు చెప్పను. త్రీడీ ప్రింటరు ఉంది. దాని నుదుటన, అంటే నుదురులాంటి చోట, దసరాకి పెట్టిన కుంకుమబొట్టు ఉంది. నేను వెళ్లింది సంక్రాంతి తర్వాత. బొట్టు చెక్కుచెదరలేదు.

మార్కుల సంగతీ అంతే. పదో తరగతిలో ప్రాజెక్టులూ అవీ కలిపి ఇరవై ఇంటర్నల్ మార్కులుండేవి. ప్రైవేటు బళ్లు అడిగిన వాడికీ అడగని వాడికీ ఇరవైకి ఇరవై పంచేస్తున్నాయని గోలెత్తి, 2019లో మన రాష్ట్రంలో వాటిని ఎత్తేశారు. మార్కులు పోయాయి, థర్మోకోలు పోలేదు.

ప్రదర్శన పదింటికన్నారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చారు. ఈలోగా మావాడి కొండ రిహార్సల్స్ పేరుతో మూడుసార్లు పేలింది. అతిథి కారు గేటు దగ్గర హారన్ కొట్టేసరికి వెనిగర్ సీసా ఖాళీ. మావాడి మొహం ఏడుపుకి సిద్ధమైంది. పక్క బల్ల దగ్గరున్న నల్లటి సన్నపాటి కుర్రాడు, వాడరేవు నుంచి వస్తాడట, "పులుపేగారా కావాల్సింది, నిమ్మకాయ పిండు" అన్నాడు. అని ఊరుకోలేదు. అతిథిగారి షర్బతు కోసం తెచ్చిన నిమ్మకాయల్లోంచి రెండు మాయం చేసుకొచ్చాడు. కొండ బుస్సున పొంగింది. చప్పట్లు. ఆ పూట అక్కడ నిజంగా జరిగిన ప్రయోగం అదొక్కటే, కానీ అది దొంగతనం ఖాతాలో పడింది.

జడ్జీగారు మావాణ్ణి ఒక్క ప్రశ్న అడిగారు. "మన దేశంలో అగ్నిపర్వతం ఎక్కడుంది బాబూ?" కాగితంలో లేని ప్రశ్న. మావాడు ఆలోచించి "మా బల్ల మీద సార్" అన్నాడు. అండమాన్ దగ్గర బారెన్ దీవిలో ఉంది. వాడరేవు ఒడ్డున నిలబడి అటు చూస్తే మధ్యలో ఉన్నది దాదాపు సముద్రమే.

ఇంతకీ ఆ కుర్రాడి బల్ల మీద ఏముందంటే, సగం సీసా నీళ్లు, తొమ్మిది చిన్న పొట్లాలు, ఒక లాంగ్ నోట్‌బుక్కు. చార్టు లేదు, మెరుపు కాగితం లేదు, లైటు అసలే లేదు. ఎవరూ ఆగడం లేదు. నాకు కుర్చీ దొరక్క అక్కడ ఆగాను.

ఏంట్రా ఇది అంటే చెప్పాడు. సముద్రం ఒక్కోనెల ఒక్కోలా ఉప్పగా ఉంటుందని వాళ్ల తాత అనేవాడట. నిజమో కాదో చూద్దామనుకున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే. అది ముగిసి నాన్న మళ్లీ వేటకెళ్లిన రోజు నుంచి నెలకోసారి లీటరు సీసా ఇచ్చి పంపేవాడు. ఒడ్డున కాదు, అలలు దాటాక ముంచుకు రావాలని షరతు. ఆ నీళ్లను పొయ్యి మీద మరిగించి, అడుగున మిగిలిన ఉప్పును ఎండబెట్టి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాడు. జూన్‌లో 34 గ్రాములు. అక్టోబరులో 27. ఫిబ్రవరికి మళ్లీ 31.

"ఎందుకు తగ్గిందిరా?"

"కృష్ణకి వరదొచ్చింది కద్సార్. మంచినీళ్లు కలిసినై."

కృష్ణ కలిసేది హంసలదీవి దగ్గర. ఇక్కడిదాకా ఎలా వస్తుందంటే, వానలు వెనకబట్టాక తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. గోదావరి, కృష్ణల నీళ్లను ఇటే తోసుకొస్తుంది. సముద్ర శాస్త్రవేత్తలు ఓడలేసుకుని తిరిగి కొలిచే సంగతి అది. వీడు వాళ్లమ్మ అల్యూమినియం గిన్నెతో పట్టుకున్నాడు. గిన్నెకు మచ్చలు పడ్డాయని వీపు మీద రెండు పడ్డాయట, ఆ సంగతి నోట్‌బుక్కులో రాయలేదు.

జడ్జీగారు వచ్చారు. పొట్లాల వైపు చూశారు. "ఇందులో వర్కింగ్ ఏముంది?" అన్నారు. వాడు నోట్‌బుక్కు తెరవబోయాడు. "చార్టు వేసుకురావాలి కదమ్మా" అని బుగ్గ తట్టి వెళ్లిపోయారు. మొదటి బహుమతి రోబోకి. అది ముఖ్య అతిథికి నమస్కారం పెట్టింది. దాన్ని చేసింది ఆ పిల్లాడి మేనమామ, బీటెక్ ఫైనలియరు. ఆయనే వెనకనుంచి రిమోటు నొక్కాడు.

ఉప్పు పొట్లాల బల్లకు ఎదురుగానే అట్టపెట్టెతో చేసిన కంప్యూటరొకటి ఉంది. కీబోర్డు మీద అక్షరాలు స్కెచ్ పెన్నుతో. చేసిన పాపది పేరాల, నాన్న మగ్గం నేస్తాడని చెప్పింది. మీ మగ్గానికి జకార్డు ఉందా అమ్మా అంటే ఉందంది. ఆ పైన వేలాడే చిల్లుల అట్టలే కంప్యూటరుకు ముత్తాతలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చిల్లున్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804లో పేటెంటు తీసుకున్న ఆ ఏర్పాటును చూసే, బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు పెట్టాలనుకున్నాడు. నాన్న పాత అట్ట ఒకటి పట్టుకొస్తే సరిపోయేది. కానీ పాతది కదా, మెరవదు.

పిల్లల్ని అనడమెందుకు, పెద్దల సంగతీ ఇదే. వాడ అంటే ఓడ. ఓడలొచ్చే రేవు కాబట్టి వాడరేవు. అక్కడా, నిజాంపట్నంలోనూ మళ్లీ ఓడలు తెప్పిస్తామని 2008లో వాన్‌పిక్ పేరిట పెద్ద ప్రాజెక్టు పెట్టారు. భూములు తీసుకున్నారు, ఆ తర్వాత కేసులు నడిచాయి, ఓడ మాత్రం రాలేదు. జిల్లాలో దాన్ని మించిన స్టిల్ మోడల్ లేదు.

సాయంత్రం కొండను మళ్లీ బండి మీద ఇంటికి తెచ్చాం. ఇప్పుడది ఫ్రిజ్ మీదుంది, వాళ్లమ్మ గ్లాసులో అగరువత్తులు గుచ్చింది. పొగొస్తుంది కాబట్టి వర్కింగే అనాలి. మావాడు రెండ్రోజులు నిమ్మకాయ, చింతపండు, మజ్జిగ ఒక్కోటీ సోడాలో పోసి చూశాడు. వంటింట్లోంచి తరిమేశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "వచ్చేయేడు నేనూ ఆ ఉప్పు ప్రాజెక్టు చేస్తా పెదనాన్నా" అన్నాడు.

ముందుచూపు ఉండాలి కదా అని, అటువైపు వెళ్లినప్పుడు షాపాయన్ని అడిగాను.

"సముద్రం నీళ్లలో ఉప్పా?" అని కాస్త ఆలోచించాడు. "స్టాకు లేదండీ. ఆర్డరిస్తే గుంటూరు నుంచి తెప్పిస్తా, రెండ్రోజులు పడుతుంది. లైటుతోనా, లైటు లేకుండానా?"