మంచుగడప పద్యం: టీకా తాత్పర్య సహితం

మడమ జరుపు మెల్ల మంచంబుపై నుండి
గడప నిండ మంచు గట్టిపడిన
దిండు వలదు కింద తిన్నగా నుంచుమీ
ఐసు సంచి పెట్టి హాయి గనుము

అవతారిక: 2022 నవంబరు. న్యూయార్క్ రాష్ట్రంలో బఫలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్. ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగు ఇంజనీరుగారు కుడి మోకాలు మార్పించుకుని వాకర్‌తో ఇల్లు చేరారు. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించాల్సిన ఫిజియో కంటే ముందు ఈరీ సరస్సు మీదుగా చలిగాలి వచ్చింది. నవంబరులో సరస్సు నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఆ ఆవిరిని గాలి ఎత్తుకొచ్చి, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. నాలుగు రోజుల్లో 80 అంగుళాలు పడింది. ఆ ఊరి స్టేడియంలో ఆడాల్సిన బఫలో బిల్స్ మ్యాచే డెట్రాయిట్‌కు తరలిపోయింది. రోడ్డు మీద బండి తీయకూడదన్నారు. ఇక ఫిజియో ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సమయంలో వంటింట్లోంచి ఇల్లాలు పలికిన పద్యమిది.

టీక: మడమ = ఆపరేషన్ అయిన కాలి మడమను (బాగున్న కాలిది జరిపి లెక్క చెబితే చెల్లదు); మంచంబుపైన్ + ఉండి = మంచం మీదే ఉండి; మెల్లన్ = మెల్లగా; జరుపు = నీ వైపు లాక్కొనుము; గడప నిండన్ మంచు గట్టిపడినన్ = గుమ్మం పూడిపోయినా సరే; కిందన్ = మోకాలి కింద; దిండు వలదు = దిండు కూడదు; తిన్నగాన్ ఉంచుమీ = కాలు వంపు లేకుండా చాపి ఉంచుము సుమా; ఐసు సంచి పెట్టి హాయిన్ కనుము = స్పష్టం.

తాత్పర్యం: ఫిజియో రాకపోయినా నీకు తప్పదు.

విశేషాలు: ‘మంచంబుపై నుండి’ అన్నచోట ‘నుండి’ని పంచమీ విభక్తిగా తీసుకుంటే మడమతోపాటు మనిషీ మంచం మీంచి జారిపోతాడు. ‘పైన్ ఉండి’ అన్న పదవిభాగమే క్షేమం. వెల్లకిలా పడుకుని, మడమ పరుపును వదలకుండా మోకాలు వంచుకుంటూ రావాలి. సాక్సు జారకపోతే కింద ప్లాస్టిక్ కవరు పరుచుకోవచ్చు. ఈ ఇంట్లో కిరాణా కొట్టువాడిచ్చిన కవరు పరిచారు. కొత్త మోకాలిలో తొడ ఎముక కొసకు కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, రెంటి నడుమ పాలిథిలిన్ పలక ఉంటాయి. అవి వంగడానికి ఎప్పుడూ సిద్ధమే. మొరాయించేవి చుట్టూ ఉన్న కండ, చర్మం, వాపు, పెద్దమనిషి.

వ్యాయామం మధ్య మంచు ప్రస్తావన అప్రస్తుతం కాదా అని పూర్వపక్షం. కాదు. ‘ఆవిడ రాలేదుగా, ఈ పూటకు వద్దు’ అని నాయకుడు అంతకు ముందే అని ఉంటాడు. ఫిజియో వచ్చినా వారంలో రెండు మూడు సార్లు, వచ్చినప్పుడు గంటలోపు. తక్కిన కాలమంతా మోకాలు ఇంట్లోవాళ్ల చేతిలోదే.

మూడో పాదానికి ‘దిండు కలదు కింద’ అని ఒక పాఠాంతరం ఉంది. ఛందస్సుకు లోటు లేదు. వలదు, కలదు రెండూ నగణాలే, యతీ చెడదు. కాని ఈ పాఠం ఒకే ఒక్క ప్రతిలో, అదీ రోగి దస్తూరీతో ఉన్న ప్రతిలో మాత్రమే కనిపిస్తోంది. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి మల్లినాథసూరి సంజీవని రాశాడు. ఇక్కడ బతికించాల్సింది మోకాలిని. దాని కింద దిండు పెడితే ప్రాణం లేచొస్తుంది, చిక్కంతా అదే. వంగిన తీరులోనే కీలు చుట్టూ బిగుసుకుపోయి తర్వాత కాలు పూర్తిగా చాపుకోదు. అలా నడిస్తే తొడ ముందు కండకు క్షణం తెరిపి ఉండదు, కుంటు మిగులుతుంది. దిండే కావాలంటే మడమ కింద, మోకాలికి కింద ఏ ఆసరా లేకుండా పెట్టుకోవాలి. అప్పుడు నొప్పి పుడుతుంది. పుట్టనీ. హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ ‘ఎంత వంగుతోంది?’ అనే అడుగుతాడు, ‘ఎంత చాపుతున్నారు?’ అని ఒక్కరూ అడగరు. నా మటుకు నాకు పద్యానికి ప్రాణం ఈ పాదమే.

ఇక ఐసు. ‘ఇంటి చుట్టూ ఇంత మంచుండగా ఫ్రీజర్ వెతకడమేమిటి?’ అన్నాడు కొడుకు. పెరటి తలుపు తీస్తే అవతల నిలువెత్తు తెల్లగోడ, దాని మీద తలుపు చెక్కల గళ్లు, పిడి గుంటతో సహా అచ్చుపడి ఉన్నాయి. సాంబారు గరిటెతో తవ్వి జిప్ సంచి నింపాడు. అయితే కొత్తమంచులో గాలే ఎక్కువ. మామూలుగా పది అంగుళాలు కరిగితే అంగుళం నీళ్లు. సంచి త్వరలోనే చప్పబడి మోకాలి మీంచి పక్కకు జారింది. చివరికి పచ్చిబఠాణీల సంచే సిద్ధాంతమైంది: గింజలు మోకాలి ఒంపుకు ఒదుగుతాయి. చర్మానికి తువ్వాలు అడ్డం, పదిహేను ఇరవై నిమిషాలు, అంతే. ఆ బఠాణీలు మళ్లీ కూరలోకి రాకూడదని కవయిత్రి శాసనం. గడప దగ్గర సంకెలైన పదార్థమే మోకాలి మీద ఔషధం కనుక ఉల్లేఖాలంకారం అనుకోవచ్చు. రసం రోగికి కరుణ, ఇల్లాలికి వీరం.

పద్యంలో చెప్పనిది: పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా టీకా తాత్పర్యాలు పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేయాలి, మంచు ఎంతున్నా సరే.

ఫలశ్రుతి: దీన్ని రోజూ మూడుపూటలా మడమతో పఠించేవారికి కొద్ది వారాల్లో 90 డిగ్రీలు సిద్ధిస్తాయి; అంత వంగితే మెట్లకూ కుర్చీకీ ఇబ్బంది తగ్గుతుంది. బాసింపట్టు మాత్రం ఆశించరాదు. సత్యనారాయణ వ్రతానికి పీట బదులు కుర్చీ వేయించుకోవచ్చని పురోహితుడుగారు వీడియో కాల్‌లో సెలవిచ్చారు.